గంటకి డెబ్భై రెండు సెకన్లు

పోయిన వారం, నీటి సంఘం కంప్యూటర్లు చూసే హిస్కె పోస్త్మాని కంప్యూటర్ గదిలో, పొడవాటి జాబితాలో ఒకే ఒక్క వరుస మీద వేలు పెట్టి నిలబడి ఉండగా వదిలి వచ్చాం. నవంబరు పద్నాలుగు, ఉదయం ఏడూ ముప్పై ఒకటి. ఆల్డ్‌సీల్ తూము చిట్టా రాసే మెషీన్ పాత సర్వర్ మీంచి మూడో నంబరు సర్వర్ మీదికి మారింది. ఆ వరుసలో ఉన్నది అంతే.

ఆ పద్నాలుగో తారీకునే వాయవ్యపు గాలికి సముద్రం పొంగింది. పోటు వచ్చి బయటి నీళ్ళు లోపలి కాలవ మట్టాన్ని దాటకముందే తూము గేటు దించెయ్యాలి. దించవలసినవాడు ముప్పై నాలుగేళ్ళుగా అక్కడ లస్కరుగా ఉన్న వీబ్రెన్ తాల్మా. తీరం మీది కొలత స్తంభం ప్రకారం సముద్రం కాలవతో సమానమైనది సాయంత్రం నాలుగూ నలభై నాలుగుకి. మెషీన్ చిట్టా ప్రకారం గేటు పూర్తిగా మూసుకున్నది నాలుగూ యాభై రెండుకి. ఎనిమిది నిమిషాలు ఆలస్యం. మర్నాడు తెల్లారేసరికి వీబ్రెన్ బావమరిది యెల్టె పొలంలో, విత్తనపు బంగాళాదుంప కోసం దున్ని ఉంచిన ముప్పై ఎకరాల్లో, ఉప్పునీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నేల చవిటిబారితే మళ్ళీ దారికి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేకపోయారు.

మూడు వారాలైంది. నీటి సంఘం వీబ్రెన్‌ని పనిలోంచి పక్కన పెట్టింది. యెల్టె అక్కతో మాట్లాడుతున్నాడు కాని బావతో మాట్లాడడం లేదు. మెషీన్ సరఫరా చేసిన సంస్థ మనిషి మూడుసార్లు వచ్చి పరీక్షించి, మూడుసార్లూ లోపం లేదనే రాసి వెళ్ళాడు.

ఇప్పుడు బుధవారం ఉదయం పది గంటలు. వీబ్రెన్ సంతకం పెట్టడానికి వచ్చాడు.

నీటి సంఘం కార్యాలయంలో రెండో అంతస్తు గది అది. బల్లకి ఆవలివైపు బేరెండ్ హావర్‌కాంప్ కూర్చున్నాడు. తూములన్నిటికీ పెద్ద ఆయనే. బాగా పొడుగు, ఏ గుమ్మంలోనైనా తల వంచే నడుస్తాడు, అవసరం లేని గుమ్మాల్లో కూడా. బల్ల మీద ఒక కాగితం ఉంది. ఆ సాయంత్రం తాను కొన్ని నిమిషాలు పరధ్యానంలో ఉండి ఉండవచ్చని వీబ్రెన్ ఒప్పుకుంటున్నట్టు నాలుగు వరుసలు. దాని కిందే ఆరోగ్య కారణాల మీద ముందుగా విరమించుకునే దరఖాస్తు. ఆ రెండూ బేరెండ్ దయతో చేసినవే. నేరం మోపకుండా, పరువు పోకుండా, పింఛను తగ్గకుండా మనిషిని బయటపడెయ్యడానికి ఆయన విచారణ సంఘంతో పది రోజులు పోరాడాడు.

వీబ్రెన్ కోటు విప్పలేదు. కలం అడిగాడు. అప్పుడే హిస్కె తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

ఆమె చేతిలో లాప్‌టాప్ ఉంది, చంకలో ఇంకొకటి. మెట్లన్నీ పరిగెత్తి వచ్చినట్టుంది. బేరెండ్ ఆమెకి కుర్చీ చూపించి, వీబ్రెన్ పని అయిపోయాక మాట్లాడదామన్నాడు. అది అయిపోతే ఇక మాట్లాడడానికేమీ ఉండదని హిస్కె అంది. మూడో సర్వర్ మీద ఉన్నప్పుడు ఆ మెషీన్ గడియారం పరిగెడుతోందని, పొద్దున ఏడింటికి తాను పది నిమిషాలు చూస్తే పన్నెండు సెకన్లు ముందుకి పోయిందని చెప్పింది.

బేరెండ్ ముందు నమ్మలేదు. తర్వాత విసుక్కున్నాడు. సంస్థవాళ్ళు మూడుసార్లు చూశారని గుర్తుచేశాడు. పన్నెండు సెకన్లు పట్టుకుని విచారణ ఆపమని ఎలా అడుగుతానన్నాడు. రేపు మధ్యాహ్నం విచారణ సంఘం ఆఖరిసారి కూర్చుంటుంది. ఈ కాగితం లేకుండా వెళితే వాళ్ళు మళ్ళీ మొదటినించీ మొదలుపెడతారు, మళ్ళీ ఈయన్ని పిలిచి అవే ప్రశ్నలు వేస్తారు.

"ఆయన మొహం చూడు హిస్కె," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంకోసారి తట్టుకోగలడా?"

అడ్డం పడింది బేరెండ్ ఒక్కడే అయితే హిస్కెకి కష్టం అయ్యేది కాదు. ఇరవై ఏళ్ళుగా ఆయనతో వాదిస్తూనే ఉంది. కాని వీబ్రెన్ ఆమె వైపు తిరిగాడు.

"వదిలెయ్యమ్మా," అన్నాడు. "నీ మంచి మనసు నాకు తెలుసు. కాని నాకిప్పుడు ఆశపెట్టకు. మూడు వారాలు పట్టింది నేనే చేశానని ఒప్పుకోడానికి. ఇప్పుడు కాదేమో అంటావు, రేపు మళ్ళీ అవునంటారు. రెండోసారి ఒప్పుకునే ఓపిక నాకు లేదు."

హిస్కె లెక్కలన్నీ మెషీన్ గురించినవే. ఈ మాటకి వాటిలో జవాబు లేదు. తాను ఆశపడమనడం లేదని, ఒక్క గంట కూర్చోమంటున్నానని అంది. మెషీన్ నకళ్ళు రెండు తీశానని చెప్పింది. అవి గేటుని కదిలించవు, ఎవరి పనికీ అడ్డం రావు. రెంటినీ పాత సర్వర్ మీదే మొదలుపెట్టింది. ఒకదాన్ని అక్కడే ఉంచుతుంది, రెండోదాన్ని మూడో సర్వర్ మీదికి పంపుతుంది. రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకుని, బేరెండ్ చేతి గడియారంతో సరిపోల్చుకోవచ్చు. తేడా లేకపోతే పదకొండున్నరకి కలం తానే తెచ్చిస్తానంది.

బేరెండ్ గడియారం చూసుకున్నాడు. కాగితాన్ని ఒక పక్కకి జరిపాడు.

"గంట అంటే పూర్తి గంట," అన్నాడు. "పది నిమిషాలకి ఏమైనా చెప్పొచ్చు."

హిస్కె ఒక చీటీ మీద ఏదో రాసి, మడిచి, ఆయనకిచ్చింది. గంట అయ్యాక విప్పమంది.

పదీ ముప్పైకి మొదలైంది. ఎడమ తెర మీద పాత ఇంట్లోనే ఉన్న నకలు, కుడి తెర మీద మూడో సర్వర్ మీదికి వెళ్ళిన నకలు. రెండింటిలోనూ నల్లటి తెర మీద ఆకుపచ్చ అంకెలు. ఇద్దరు మగవాళ్ళూ చదువు రానివాళ్ళు ఉత్తరాన్ని చూసినట్టు వాటిని చూస్తూ కూర్చున్నారు.

వీబ్రెన్ కొంతసేపటికి అసలు ఇదంతా ఏమిటని అడిగాడు. రెండేళ్ళుగా వర్చువల్ మెషీన్ అన్న మాట వింటున్నాడు కాని, అడిగితే నవ్వుతారని అడగలేదట. హిస్కె నవ్వలేదు. అతని తూము గదిలో ఒకప్పుడు ఉన్న బూడిదరంగు కంప్యూటర్ గుర్తుందా అని అడిగింది. గుర్తుంది, ఫ్యాను గోలపెట్టేది. ఆ పెట్టె చచ్చిపోయే ముందు దాని లోపలున్నదంతా, ఒక్క అక్షరం పోకుండా తీసి, ఇక్కడి పెద్ద సర్వర్ లోపల పెట్టారు. ఇప్పుడది తనకింకా సొంత పెట్టె ఉందనే అనుకుంటూ బతుకుతోంది. సర్వర్లు నాలుగున్నాయి, రెండు పాతవి, రెండు కొత్తవి. ఒకదాని మీద బరువెక్కువైతే దాన్ని ఇంకోదాని మీదికి మారుస్తారు. మారినట్టు దానికే తెలియదు.

"మరి గడియారం?" అన్నాడు వీబ్రెన్.

గడియారం దానికి సొంతంగా లేదని హిస్కె చెప్పింది. కింద ఉన్న సర్వర్ గుండె కొట్టుకుంటుంటే ఆ చప్పుళ్ళు లెక్కపెట్టుకుంటుంది. పాత సర్వర్ మీద లేచినప్పుడు ఇన్ని చప్పుళ్ళయితే ఒక సెకను అని నేర్చుకుంది. కొత్త సర్వర్ గుండె కొంచెం వేగం. ఈ తేడాని సర్దే ఏర్పాటు కొత్త సర్వర్లలో ఉంది కాని ఇంత పాతకాలపు మెషీన్‌కి అది పనిచెయ్యదు. అది పాత లెక్కే లెక్కపెడుతుంది, సెకను కాకముందే సెకను అయిందనుకుంటుంది. రాత్రి పన్నెండుకి ఒకసారి బయటి గడియారం చూసి తప్పు దిద్దుకుంటుంది కాబట్టి పొద్దున్నే ఎవరు చూసినా సరిగ్గానే ఉంటుంది.

బేరెండ్ ఇక్కడ ఒక మాట అడ్డం వేశాడు. అలాగైతే సంస్థ మనిషికి మూడుసార్లలో ఒక్కసారైనా దొరకాలి కదా అన్నాడు. అతను వచ్చినవి మూడూ ప్రశాంతమైన రోజులని హిస్కె చెప్పింది. ప్రశాంతంగా ఉన్నప్పుడు మెషీన్ పాత సర్వర్ మీదే ఉంటుంది. తుఫాను రోజున జిల్లాలో ప్రతివాడూ నీటి మట్టాలు చూస్తాడు, పాత సర్వర్ల మీద బరువు పడుతుంది, అప్పుడే ఇది కొత్తదాని మీదికి వెళుతుంది. తుఫాను రోజున తప్ప తప్పు జరగదు.

బేరెండ్ లేచి వెళ్ళి ముగ్గురికీ కాఫీ తెచ్చాడు.

పదీ యాభైకి కుడి తెర ఇరవై నాలుగు సెకన్లు ముందుంది. వీబ్రెన్ అటు చూడడం మానేశాడు. కిటికీలోంచి సైకిళ్ళ పాకని చూస్తూ, ఎవరూ అడగకుండానే మాట్లాడడం మొదలుపెట్టాడు.

వాళ్ళమ్మ గురించి. ఆమెకి అరవై రెండేళ్ళప్పుడు మతిమరుపు మొదలైందట. కోళ్ళకి మేత వేసి లోపలికి వచ్చి, కోళ్ళకి మేత వెయ్యాలని మళ్ళీ వెళ్ళేది. రోజుకి నాలుగుసార్లు. కోళ్ళు ఒళ్ళు చేసి నడవలేక కూలబడేవి. పిల్లలు నవ్వుకునేవాళ్ళు, ఊళ్ళో అంత లావు కోళ్ళు ఎవరికీ లేవని. తర్వాత ఒక రోజు ఆమె వీబ్రెన్‌ని చూసి, మీరు ఎవరి అబ్బాయండీ అని మర్యాదగా అడిగింది. అప్పుడు నవ్వడం ఆగిపోయింది.

"నాకు పోయిన సెప్టెంబరులో అరవై రెండు నిండాయి," అన్నాడు.

ఆ సాయంత్రం సంగతి అతనికి బాగా గుర్తుంది, లేదా గుర్తుందని అనుకున్నాడు. మబ్బుకి అడుగున బెత్తెడు ఖాళీ ఉందట. గేటు దిగుతుంటే ఆ సందులోంచి సూర్యుడు ఎర్రగా, చర్చి మొన పక్కన నిలబడి ఉన్నాడు. విచారణలో ఆ మాటే చెప్పాడు. సంఘంలో ఒకావిడ చాలా నెమ్మదిగా, ఆ రోజు సూర్యుడు నాలుగూ నలభై ఆరుకే అస్తమించాడు తాల్మా గారూ, మీరు చూసింది ఇంకేరోజైనా అయ్యుంటుందా అని అడిగింది. పోనీ అతను చేత్తో రాసుకునే పుస్తకం తీద్దామంటే, అందులో అతని దస్తూరీతోనే నాలుగూ యాభై రెండు అని ఉంది. గోడ గడియారం కాదు, తెర మీది టైమే రాయాలని రెండేళ్ళ కిందట రూలు పెట్టారు. అతను రూలు ప్రకారమే రాశాడు.

అప్పటినుంచి కారు నడపడం మానేశాడు. ఈ రోజు కూడా భార్య ఆఫ్కె దింపి వెళ్ళింది. ఆమె ఏమీ అనదు కాని, అతను స్టవ్ దగ్గర్నించి వచ్చాక ఆమె ఏదో పనున్నట్టు లేచి వంటగదిలోకి వెళ్ళి చూసి వస్తుంది. ఆ వెళ్ళడం అతనికి వినపడుతుంది.

"రోజూ పొద్దున్నే పడమటి నుంచి తూర్పుకి తీరంలో ఉన్న తూములన్నీ వరసగా చెప్పుకుంటాను," అన్నాడు. "ఒక్కరోజు కూడా తప్పలేదు. కాని దానివల్ల ఏం తెలుస్తుంది? ఏది మర్చిపోయాడో మర్చిపోయినవాడికి తెలియదు కదా. అమ్మకి తెలియలేదు."

వచ్చే మంగళవారం జ్ఞాపకశక్తి పరీక్షకి డాక్టరు దగ్గర వేళ తీసుకున్నామని చెప్పాడు. బేరెండ్ తల వంచుకుని కప్పులోకి చూస్తున్నాడు. ఆయనకి ఈ సంగతి తెలియదు. కాగితంలో ఆరోగ్య కారణాలు అన్న మాట ఆయనే రాయించాడు, అది ఉత్త మర్యాద మాట అనుకుని రాయించాడు.

హీటరు గొట్టంలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. హిస్కె గోళ్ళు కొరుక్కుంటూ, మళ్ళీ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటూ కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు కాని ఆమెకీ భయంగానే ఉంది. ఏడింటికి తాను చూసింది నిజమే. కాని గంటసేపటిలో వేగం మారితే, మధ్యలో ఎక్కడో అది తనంతట తాను సర్దుకుంటే, లెక్క తప్పుతుంది. ఈ మనిషిని ఊరికే గంట కూర్చోబెట్టి మళ్ళీ కలం చేతికిచ్చినట్టవుతుంది.

బేరెండ్ మణికట్టు బల్ల మీద పెట్టి, చొక్కా చెయ్యి వెనక్కి లాగాడు. ఆఖరి నిమిషం ముగ్గురూ ముందుకి వంగి చూశారు. ఆయన గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చి పదకొండున్నర కాగానే ఇప్పుడు అన్నాడు. హిస్కె ఒకేసారి రెండు మీటలు నొక్కింది. రెండు తెరలూ ఆగిపోయాయి.

ఎడమ తెర: పదకొండూ ముప్పై. సున్నా సెకన్లు.

కుడి తెర: పదకొండూ ముప్పై ఒకటి. పన్నెండు సెకన్లు.

బేరెండ్ జేబులోంచి చీటీ తీసి విప్పాడు. అందులో డెబ్భై రెండు అని ఉంది.

కాసేపు ఆ చీటీని, తెరని మార్చి మార్చి చూశాడు. తర్వాత ఎదురుగా ఉన్న కాగితం వెనక్కి తిప్పి తానే లెక్క కట్టడం మొదలుపెట్టాడు. వీబ్రెన్ సంతకం పెట్టవలసిన కాగితమే అది, ఆయన గమనించలేదు. ఏడూ ముప్పై ఒకటికి మెషీన్ మారింది. గేటు మూసేదాకా మెషీన్ లెక్కలో తొమ్మిది గంటల ఇరవై ఒక్క నిమిషాలు. గంటకి డెబ్భై రెండు సెకన్ల చొప్పున. రెండుసార్లు కట్టాడు. రెండుసార్లూ ఇంచుమించు పదకొండు నిమిషాలే వచ్చింది.

"యాభై రెండులోంచి పదకొండు తీస్తే నలభై ఒకటి," అన్నాడు మెల్లగా. "సముద్రం సమానమైంది నలభై నాలుగుకి. మూడు నిమిషాలు ముందే మూశాడు."

హిస్కె అప్పటికే వీబ్రెన్ వైపు తిరిగింది. ఆమెకి చాలా చెప్పాలని ఉంది, సర్వర్ గురించి, జాబితా గురించి, తాను నిద్రపోని నాలుగు రోజుల గురించి. కాని ఒక్క మాటే చెప్పింది.

"నాలుగూ నలభై ఒకటి. సూర్యుడు అస్తమించింది నలభై ఆరుకి."

వీబ్రెన్‌కి ఆ మాటని పట్టుకోడానికి కొంత టైము పట్టింది. పెదవులు కదిలాయి, అంకెల్ని లోపల ఇంకోసారి చెప్పుకుంటున్నట్టు.

"ఉన్నాడు కదూ," అన్నాడు.

"ఉన్నాడు."

"చర్చి మొన పక్కన."

"మీరు చూశారు వీబ్రెన్ గారూ. మీరు చూసినప్పుడు అక్కడే ఉన్నాడు."

వీబ్రెన్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుపు చప్పుడేమీ రాలేదు. భుజాలు మాత్రం ఒకటి రెండుసార్లు ఎగిరాయి. హిస్కె కిటికీ వైపు తిరిగి సైకిళ్ళని చూసింది. బేరెండ్ లేచి, తలుపు దగ్గరికి వెళ్ళి, తలుపు సరిగ్గా వేసి ఉన్నా మళ్ళీ వేశాడు.

తిరిగి వచ్చి కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు. ఆ కొత్త సర్వర్లు రెండూ తన సంతకంతోనే వచ్చాయని, పాత మెషీన్లన్నీ వాటి మీద ఒక్కొక్కటిగా పరీక్షించాలని హిస్కె అప్పుడే రాసిచ్చిందని, అంత టైము లేదని తానే కొట్టేశానని చెప్పాడు. హిస్కె ఆ సంగతి ఎత్తకూడదనుకుంది. ఆయనే ఎత్తాడు. రేపు విచారణ సంఘం ముందు కూడా ఈ వరసలోనే చెబుతానన్నాడు.

"నీకు మేలు చేస్తున్నాననుకున్నాను వీబ్రెన్," అన్నాడు. "కాగితం రాయించేటప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను."

వీబ్రెన్ మొహం తుడుచుకున్నాడు. తనకీ అలాగే అనిపించిందని, అందుకే కలం అడిగానని అన్నాడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఇద్దరూ ముప్పై నాలుగేళ్ళుగా ఒకే సముద్రాన్ని చూస్తున్నవాళ్ళు.

తర్వాత అతను వరండాలోకి వెళ్ళి ఆఫ్కెకి ఫోను చేశాడు. తలుపు సందులోంచి మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి. మెషీన్ అన్నాడు, కొత్త సర్వర్ అన్నాడు, అది కాదు నేను కాదు అన్నాడు. తర్వాత చాలాసేపు అవతలినుంచి ఏమీ వినపడక, ఉన్నావా అని రెండుసార్లు అడిగాడు. ఆఖరికి, సరే, బఠాణీ సూప్ అయితే వేడిగా ఉంచు, వస్తాను అన్నాడు. మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలా వద్దా అని ఆమె అడిగినట్టుంది. వెళదాంలే, ఊరికే పోతే ఏం పోయింది అన్నాడు. ఆ మాట అన్న గొంతులో మూడు వారాలుగా లేని తేలిక ఉంది.

అతను మళ్ళీ లోపలికి వచ్చేసరికి బేరెండ్ విచారణ సంఘానికి ఉత్తరం మొదలుపెట్టాడు. హిస్కె పక్కన కూర్చుని టైములు అందిస్తోంది. గేటు మూసుకున్నది నలభై ఒకటికి అని రాశారు. ఉప్పునీరు లోపలికి రావడానికి గేటు ఆలస్యం కారణం కాదు అని బేరెండ్ రెండో వరుస టైపు చేసి, పైకి చదివాడు.

వీబ్రెన్ గోడ మీదున్న తీరం పటం ముందు ఆగిపోయాడు.

కార్యాలయంలో ఎవరూ ఆ పటాన్ని చూడరు, అది గోడలో కలిసిపోయింది. ఆల్డ్‌సీల్ తూము దగ్గర వేలు పెట్టి, అక్కడినుంచి కాలవ వెంట లోపలికి, కాలవ నుంచి బోదెల్లోకి, బోదెల నుంచి యెల్టె పొలం దాకా వేలు జరిపాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఈసారి వేలు తూము దగ్గర ఆగలేదు. కరకట్ట వెంట తూర్పుకి, పొలం సముద్రానికి బాగా దగ్గరగా వచ్చేచోటికి వెళ్ళి ఆగింది.

"ఆ వాక్యం మళ్ళీ చదువు బేరెండ్," అన్నాడు.

బేరెండ్ చదివాడు.

"గేటు కారణం కాదు, సరే. మూడు నిమిషాలు ముందే మూశాను. మరి ముప్పై ఎకరాల్లోకి ఉప్పునీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి?"

బేరెండ్ వేళ్ళు మీటల మీదే ఉండిపోయాయి. ఈ మూడు వారాల్లో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. వెయ్యవలసిన అవసరం రాలేదు. లస్కరు ఆలస్యం చేశాడు, నీళ్ళు వచ్చాయి. దోషి దొరికాక నీళ్ళు వచ్చిన దారిని ఎవరు వెతుకుతారు?

హిస్కె గేటు అడుగునుంచి కారిందేమో అంది. అలా కారితే కాలవ మట్టం పెరగాలని, ఆ రాత్రి కాలవ మట్టం బెత్తెడు కూడా పెరగలేదని వీబ్రెన్ చెప్పాడు. అతను మాట్లాడే తీరు మారిపోయింది. ఒక గంట కిందట కలం అడిగిన మనిషి కాదు. కట్ట మీంచి పొర్లిందా అంటే లేదు, ఆ రోజు అల కట్ట నడుము దాటలేదు, తాను నిలబడి చూశాడు. కట్ట పైనించి కాక, గేటులోంచి కాక, ఇంకెక్కణ్ణించి?

"కట్ట కిందనించి," అన్నాడు బేరెండ్. ఆయన గొంతు ఆయనకే వినపడనంత చిన్నగా ఉంది.

శనివారం పున్నమి. పోటు ఎలాగూ పెద్దదే. దానికి తోడు వాయవ్యం నుంచి గాలి వస్తుందని వాతావరణంవాళ్ళు పొద్దుటి నుంచీ చెబుతున్నారు. ముగ్గురికీ తెలుసు, ఒకరితో ఒకరు చెప్పుకోలేదు.

వీబ్రెన్ కంగారుపడలేదు. కట్ట కింద ఊట రావడం వింత కాదన్నాడు. తేటనీళ్ళు ఊరుతుంటే అది పాతకాలపు నేల చేసే పని, భయం లేదు. నీళ్ళతో పాటు ఇసక కూడా వస్తుంటే మాత్రం, కట్టని లోపల్నించి సముద్రం తింటోందన్నమాట. అలాంటి కట్ట పైకి చూడ్డానికి పచ్చగా, గడ్డితో, గొర్రెలతో బాగానే ఉంటుంది, కూలే నిమిషం దాకా.

ఫోను తీసి, మూడు వారాలుగా ముట్టని పేరు వెతికాడు. ఎత్తుతాడో లేదో అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. రెండో రింగుకే ఎత్తాడు. యెల్టె గొంతు గదిలో అందరికీ వినపడింది. పలకరింపు లేదు, కోపం కూడా లేదు. వగరుస్తున్నాడు.

"బావా, నేనే నీకు చేద్దామని ఫోను చేతిలో పట్టుకుని అరగంట నుంచీ ఇక్కడే తిరుగుతున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తూర్పు మడిలో, కట్ట పక్కన, నీళ్ళు బుగ్గలాగా పైకొస్తున్నాయి. నిన్నటికి పిడికెడంత ఉంది. ఇవాళ పోటు వచ్చాక బకెట్టంత అయింది."

"రుచి చూశావా?"

"చూశాను. ఉప్పు."

వీబ్రెన్ పటం మీదినుంచి వేలు తియ్యలేదు.

"ఇప్పుడు నేనడిగేది నింపాదిగా చూసి చెప్పు యెల్టె. తొందరేం లేదు. చెయ్యి అందులో పెట్టు. నీళ్ళు ఉత్తవా, చేతికి ఏమన్నా తగులుతోందా?"

అవతల బురదలో బూట్లు కదిలిన చప్పుడు. ఎవరో వంగిన చప్పుడు. గాలి. బేరెండ్ నిలబడ్డాడు, హిస్కె లాప్‌టాప్ మూసేసింది. చాలాసేపటికి యెల్టె మళ్ళీ మాట్లాడాడు.

"ఇసక బావా," అన్నాడు. "గుప్పిటి నిండా వచ్చింది."